సరకు ఇల్లు చేరిన పిదప అప్పు రద్దయినచో

(సంగారెడ్డి జిల్లా, వెలిమెలలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సాయంకాలము మేము మీ ముందుంచదలచినది పెద్ద శాస్త్ర విషయమేమియు కాదు. వాయిదాల మీద ఒక వస్తువు కొని ఇంటికి తెచ్చుకొన్నారు. నాలుగు దినములకో, వారమునకో దుకాణమువారు ఫోను చేసిరి. "అన్నా, మీ ఫైనాన్సు క్యాన్సిల్ అయింది. మొత్తం పైసలన్న కట్టుండ్రి, లేకుంటే సామానన్న వాపస్ ఇయ్యుండ్రి" అనిరి. అపుడు ఆ యింటివారు ఏమి చేయవలెను? ఏమి చేయకూడదు? చట్టము ఎవరి పక్షమున ఎంతవరకు నిలుచును? ఇంతమాత్రమే మా విషయము.

దీనిని ఈ ఊరిలో చెప్పుటకు కారణము కలదు. పటాన్‌చెరు, పాశమైలారము, రామచంద్రాపురము, బొల్లారము కర్మాగారములకు ఈ చుట్టుపట్ల గ్రామముల నుండి పనివారు పోవుచున్నారు. వారి జీతము నేడు చేతికి గాక బ్యాంకు ఖాతాకు వచ్చుచున్నది. జీతము ఖాతాలో పడువానిని అప్పు తానే వెదకుకొనుచు వచ్చును. పూర్వము అప్పు కొరకు మన పెద్దలు షావుకారు అరుగు మీద కూర్చుండెడివారు. నాగువడ్డీకి గింజలు తెచ్చుకొని కల్లములోనే కొలిచి ఇచ్చెడివారు. ఇప్పుడు అప్పిచ్చు కంపెనీ మనిషి దుకాణములోనే బల్ల వేసికొని మన కొరకు కూర్చుండుచున్నాడు. ఇది చెడ్డదని మేము అనము. కూడబెట్టి కొనవలెనన్న ఏండ్లు పట్టు వస్తువు ఈ వేసవిలోనే ఇంటికి వచ్చుట మేలే. అయితే అరుగు మీది అప్పులో ఇద్దరే ఉండిరి. ఈ అప్పులో ముగ్గురున్నారు: కొనువాడు, అమ్మువాడు, అప్పిచ్చువాడు. చిక్కంతయు ఆ మూడవవానితో వచ్చినది.

ఒక కుటుంబమును ఊహింతము. ఇరువదియారు వేల రూపాయల ఫ్రిజ్జు కొనిరి. ఇంటిలోని పాత ఫ్రిజ్జును ఎక్స్ఛేంజి క్రింద ఇచ్చినందుకు రెండు వేలు తగ్గించిరి. చేతి నుండి ఆరు వేలు కట్టిరి. మిగిలిన పదునెనిమిది వేలకు కంపెనీ మనిషి ఆధారు, ప్యాను సంఖ్యలు తీసికొని, ఫోనుకు వచ్చిన ఓ.టి.పి. అడిగి, నెలకు రెండు వేల చొప్పున తొమ్మిది వాయిదాలు కట్టెను. "అప్రూవ్ అయింది" అని సందేశము వచ్చెను. సాయంకాలమునకు ట్రాలీ ఆటోలో ఫ్రిజ్జు ఇల్లు చేరెను. అందరును పని ముగిసినదనియే తలంతురు.

నిజమునకు పని ముగియలేదు. అప్రూవల్ అనగా అప్పు ఇత్తుమని అంగీకరించుట. డిస్బర్స్‌మెంటు అనగా సొమ్ము దుకాణపు ఖాతాకు చేరుట. ఈ రెండింటికి నడుమ కొన్ని దినములు గడచుట కలదు. అప్పు కంపెనీ దుకాణమునకు డెలివరీ ఆర్డరు అను కాగితము పంపును. వ్యాపారులు దానిని డి.ఓ. అందురు. "ఈ గిరాకీకి సరకు ఇయ్యుడు, సొమ్ము మేము ఇత్తుము" అనుట దాని తాత్పర్యము. ఆ కాగితమును నమ్మియే దుకాణదారు సరకు పంపును. ఒక్కొక్కచో డి.ఓ. రాకమునుపే, అమ్మకము చేజారునను తొందరలో పంపుటయు కలదు. ఆ నడిమి దినములలో కొనువాని బ్యాంకు ఖాతా నుండి వాయిదా తీసికొనుటకు ఇచ్చిన మ్యాండేటును బ్యాంకు త్రిప్పి పంపవచ్చును. చిరునామా విచారింప వచ్చినవానికి ఇంటికి తాళము కనబడవచ్చును. కాంట్రాక్టరు మారినందున కర్మాగారములో "ఆ పేరుగలవాడు మా వద్ద లేడు" అని చెప్పవచ్చును. మరియొక పాత అప్పు లెక్కలోనికి రావచ్చును. కంపెనీ వెనుకకు తగ్గును. దుకాణమునకు సొమ్ము రాదు. ఫ్రిజ్జు మాత్రము మీ వంటింటిలో ఉండును.

ఇప్పుడు మొదటి ప్రశ్న: ఆ ఫ్రిజ్జు ఎవరిది?

1930 సంవత్సరపు వస్తు విక్రయ చట్టము దీనికి జవాబు చెప్పుచున్నది. షరతు లేని ఒప్పందము కుదిరి, వస్తువు ఇదియే అని ఏర్పడి, అప్పగించుటకు సిద్ధముగా ఉన్నపుడు దాని స్వామ్యము కొనువానికి సంక్రమించును. సొమ్ము చెల్లించు గడువు తరువాతిది అయినను ఇందులో భేదము లేదు. సొమ్ము ముట్టని అమ్మకందారునకు సరకును నిలిపియుంచు హక్కు కలదు. కాని అది సరకు తన స్వాధీనమున ఉన్నంతవరకే. కొనువాడు న్యాయముగా స్వాధీనము పొందిన క్షణమున ఆ హక్కు పోవును. తరువాత అమ్మకందారునకు మిగులునది ధర కొరకు దావా వేయు హక్కు. ఇంటికి మనుషులను పంపి ఫ్రిజ్జు ఎత్తించుకొని పోవు హక్కు కాదు.

ఇచట "షరతు లేని" అను మాటను గట్టిగా పట్టుకొనవలెను. దుకాణమువారు మీచేత సంతకము చేయించుకొన్న కాగితములో "ఫైనాన్సు మంజూరై సొమ్ము చేరువరకు సరకు మాదియే" అనియో, "ఫైనాన్సు రద్దయినచో ఈ అమ్మకము చెల్లదు" అనియో ఒక వాక్యము ఉన్నచో లెక్క మారును. స్వామ్యమును తనయొద్దనే నిలుపుకొనుటకు అమ్మకందారునకు చట్టము వీలిచ్చుచున్నది. కావున దుకాణము నుండి ఫోను వచ్చినపుడు కోపపడుటకు మునుపు, భయపడుటకును మునుపు, అడుగవలసిన మాట ఒక్కటే: "నేను సంతకము చేసిన ఏ కాగితములో అట్లున్నది? దాని నకలు పంపుడు." ఫోనులో చెప్పినది చాలదు. వాట్సాపులోనైనను వ్రాతపూర్వకముగా రావలెను. అట్టి వాక్యము చూపలేనివాడు బెదరింపు మాని బేరమునకు వచ్చుట సహజము.

అట్టి వాక్యము నిజముగా ఉన్నదనుకొందము. అంతమాత్రమున కొనువాడు సర్వము పోగొట్టుకొన్నట్లు కాదు. 1872 సంవత్సరపు కాంట్రాక్టు చట్టము ప్రకారము, ఒక సంఘటనపై ఆధారపడిన ఒప్పందము ఆ సంఘటన అసాధ్యమైనచో చెల్లకపోవును. ఒప్పందము చెల్లకపోయినపుడు, దాని వలన ఎవరు ఏ లాభము పొందియున్నను దానిని తిరిగి ఈయవలెను. లేదా దానికి పరిహారము చెల్లింపవలెను. ఈ నియమము ఇరువైపులా కోయు కత్తి. ఫ్రిజ్జు దుకాణమునకు పోవలెను, నిజమే. ఆరు వేల రూపాయలు మీకు రావలెను. ఎక్స్ఛేంజి క్రింద ఇచ్చిన పాత ఫ్రిజ్జు కూడ రావలెను. దానిని అప్పుడే తుక్కువానికి అమ్మివేసియున్నచో దాని విలువ రావలెను. "సరకు తెచ్చియిండి, పైసల సంగతి తరువాత చూతము" అను మాటకు ఒప్పుకొనకూడదు. ఒక చేతితో సరకు, ఒక చేతితో సొమ్ము. పది దినములు వాడినందుకు, ప్యాకింగు విప్పినందుకు, రవాణాకు అని వేయి రెండు వేలు కోసికొందుమని చెప్పుదురు. వాడకమునకు న్యాయమైన మొత్తమేదైన అడుగవచ్చునేమో గాని, రద్దు అయినది మీ తప్పు వలన కానపుడు చేతిసొమ్మునంతయు మ్రింగుటకు ఏ చట్టమును అంగీకరింపదు. నష్టపరిహారము నష్టమునకు తగినంతయే ఉండవలెనని అదే కాంట్రాక్టు చట్టము చెప్పుచున్నది.

రెండవ ప్రశ్న అప్పిచ్చువానిది. ఒకమారు సరేనన్నవాడు మరల కాదనవచ్చునా?

దీనిని గూర్చి రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్ 15వ తేదీన ఒక ఉత్తరువు వెలువరించినది. ఆ సంవత్సరము అక్టోబరు 1 నుండి క్రొత్తగా ఇచ్చు వ్యక్తిగత గడువు ఋణములన్నిటికి అది వర్తించినది. సంతకము చేయకమునుపే అప్పిచ్చువాడు ఋణగ్రహీతకు ముఖ్యాంశముల పత్రము ఈయవలెను. దుకాణములలో దీనిని కె.ఎఫ్.ఎస్. అందురు. అసలు ఎంత, అన్ని ఖర్చులు కలిపి సంవత్సరపు వడ్డీ శాతమెంత, వాయిదాలు ఎన్ని, రుసుములు ఏవి అన్నది అందులో ఉండవలెను. అది ఋణగ్రహీతకు అర్థమగు భాషలో ఉండవలెను, చదివి వివరింపవలెను. అన్నిటికంటె మనకు పనికివచ్చు మాట ఇది: ఏడు దినములు గాని అంతకు మించి గాని గడువు గల అప్పు అయినచో ఆ పత్రము కనీసము మూడు పనిదినములు చెల్లుబాటులో ఉండవలెను, ఆ గడువులో ఋణగ్రహీత అంగీకరించినచో, అందులోని షరతులకు అప్పిచ్చువాడు కట్టుబడియుండవలెను.

చూచితిరా! ఇన్నాళ్లు కట్టుబడుట అప్పు తీసికొన్నవాని వంతే అని మనమనుకొనుచుండగా, ఈ ఉత్తరువు అప్పిచ్చువానిని కూడ కట్టివేసినది. కాబట్టి ఫోనులో వచ్చిన ఆ పత్రమును తుడిచివేయకుడు. చాలమంది దానిని తెరువనైనను తెరువరు. పది రూపాయలిచ్చి జిరాక్సు దుకాణములో ముద్రింపించి బిల్లుతో కలిపి పెట్టెలో ఉంచుకొనుట మేలు.

కట్టుబాటు ఉన్నను, కంపెనీ న్యాయముగా వెనుకకు తగ్గు సందర్భములు లేకపోలేదు. జీతము ఎక్కువ వేసి చూపినను, మరియొకని కాగితములు ఇచ్చినను, ఉన్న అప్పులను దాచినను ఆ ఒప్పందమును త్రోసివేయు హక్కు మోసపోయిన పక్షమునకు ఉండును. కొందరు ఏజెంట్లు "అన్నా, జీతం కొంచెం ఎక్కువ రాస్త, ఏం కాదు" అని తామే వ్రాయుదురు. వ్రాసినవాడు కమీషను తీసికొని పోవును, సంతకము మీది. అట్టి కాగితముపై సంతకము చేసినవానికి ఈ ప్రసంగమున చెప్పిన రక్షణలు చాలవరకు అక్కరకు రావు.

కాగితములన్నియు సరిగా ఉన్నను కంపెనీ వెనుకకు తగ్గినచో ఏమగును? డి.ఓ. ఇచ్చి తప్పించుకొన్నది కంపెనీ. దానిని నమ్మి సరకు పంపినది దుకాణము. అది వారిరువురి వ్యాపార వివాదము. వారిరువురికిని వకీళ్లు, లెక్కలవాళ్లు ఉన్నారు. ఆ భారమును తెచ్చి, షిఫ్టు ముగించుకొని ఇంటికి వచ్చిన కార్మికుని నెత్తిన పెట్టుట అన్యాయమని మా అభిప్రాయము. అయినను ఒక మాట దాచకూడదు: సరకు మనయొద్ద ఉన్నపుడు దాని ధర మనము బాకీయే. అప్పు రాలేదు గనుక వస్తువు ఊరకనే మనదైనదని తలచుట పొరపాటు. వాయిదా ప్రకారమే దుకాణమునకు నేరుగా చెల్లింతుమని వ్రాతపూర్వకముగా చెప్పుట మంచి మార్గము. అంగీకరించినచో చిక్కు అంతటితో తీరును.

అంగీకరింపక మనుషులను పంపినచో?

ఇంటిలోనికి చొరబడి వస్తువును ఎత్తుకొనిపోవుటకు ఎవరికిని హక్కు లేదు. మన సుప్రీము కోర్టు ఐ.సి.ఐ.సి.ఐ. బ్యాంకు – ప్రకాశ్ కౌర్ వ్యాజ్యమున 2007లో, అప్పు వసూలునకు దౌర్జన్యపరులను పంపుట కూడదనియు, చట్టప్రకారమే వసూలు చేసికొనవలెననియు స్పష్టముగా చెప్పినది. 2011లో సిటీకార్ప్ మారుతి ఫైనాన్సు వ్యాజ్యమున కూడ, ఒప్పందములో హక్కు వ్రాసికొన్నను బలప్రయోగముతో స్వాధీనము చేసికొనరాదని తీర్పునిచ్చినది. ఈ రెండు వ్యాజ్యములును వాయిదాలు తప్పిన బండ్లను గూర్చినవి. వాయిదా తప్పినవాని విషయముననే దౌర్జన్యము కూడనపుడు, ఒక్క వాయిదా గడువైనను రాని వాని యింటికి మనుషులను పంపుట ఎట్లు చెల్లును? పైగా, అప్పే ఈయని కంపెనీకి ఆ వస్తువుపై తాకట్టు హక్కు ఎచటిది? గుమ్మములోనికి బలవంతముగా వచ్చినచో 100కు గాని 112కు గాని ఫోను చేయవలెను. వసూలు మనుషులు ఉదయము 8 గంటలకు మునుపు, సాయంకాలము 7 గంటల తరువాత ఫోను చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో ఆజ్ఞాపించినది.

ఈ ఎత్తుకొనిపోవు జాడ్యము మన దేశమునకే చెందినది కాదు. ఇంగ్లండులో 1930లలో వ్యాపారులు బల్లలు, కుర్చీలు, కుట్టుమిషన్లు వాయిదాలపై ఇచ్చి, చివరి వాయిదాలు మిగిలియుండగా ఏదో సాకుతో ఎత్తుకొనిపోయి, మరియొకనికి అమ్మెడివారు. ఎలెన్ విల్కిన్సన్ అను పార్లమెంటు సభ్యురాలు దీనిపై పోరాడి 1938లో ఒక చట్టము చేయించినది. మూడవ వంతు సొమ్ము ముట్టిన పిదప న్యాయస్థానపు ఆజ్ఞ లేక వస్తువును తీసికొనరాదని ఆ చట్టము కట్టడి చేసినది. మన పార్లమెంటును 1972లో హైర్ పర్చేజి చట్టము చేసినది. కాని అది అమలులోనికి రానేలేదు. 2005లో దానిని రద్దు చేసిరి. ముప్పదిమూడు సంవత్సరములు పుస్తకములో పడియుండి, ఒక్క పేదవానికైనను ఉపయోగపడక పోయిన చట్టమది. అందుచేతనే నేడు ఈ వివాదములకు పాత విక్రయ చట్టమును, కాంట్రాక్టు చట్టమును, వినియోగదారుల చట్టమును కలిపి చూడవలసి వచ్చుచున్నది.

మోటారు సైకిళ్ల సంగతి కొంత వేరు. రిజిస్ట్రేషను లేక, తాత్కాలికమైనను ఒక సంఖ్య లేక, డీలరు బండిని అప్పగింపరాదు. రిజిస్ట్రేషను కొనువాని పేర జరుగును. అప్పిచ్చిన కంపెనీ పేరు తాకట్టు క్రింద అందులో ఎక్కును. అప్పు రద్దయినచో, ఆ తాకట్టు నమోదును తీసివేయించుట వారి బాధ్యత. ఈ పని జరుగక బండి మీయొద్ద ఉన్నను అమ్ముకొనలేరు. బండిని తిరిగి ఇచ్చివేసినచో అది ఇంకను మీ పేరనే ఉండును. దానితో ఎవడైన ప్రమాదము చేసినచో పోలీసులు మీ యింటికే వత్తురు. పేరు మార్పు కాగితములు పూర్తికాక బండి తాళము ఈయకుడు.

ఇక అన్నిటికంటె ప్రమాదకరమైన ఘట్టము చెప్పెదము. దుకాణమువారు సాధారణముగా ఎత్తుకొనిపోవుటకు రారు. తీపిగా మాట్లాడుదురు. "ఆ కంపెనీ కాకపోతే ఇంకో కంపెనీ ఉన్నది. మీరు ఒక్కసారి వచ్చి ఓ.టి.పి. చెప్పుండ్రి, అయిపోతది" అందురు. అమెరికాలో కార్ల వ్యాపారమున ఇదే పద్ధతికి యో-యో అమ్మకమని పేరు. దారము కట్టిన ఆటబిళ్లవలె బండి ఇంటికి పోయి, మరల దుకాణమునకు వచ్చునని ఆ పేరు పెట్టిరి. వస్తువు ఇంటికి వచ్చి, ఇరుగుపొరుగు చూచి, పిల్లలు మరిగిన తరువాత దానిని తిరిగి ఈయలేక, మనిషి ఏ షరతుకైనను ఒప్పుకొనును. రెండవ కంపెనీ వాయిదా రెండు వేలకు బదులు రెండు వేల మూడు వందలు ఉండును. తొమ్మిదికి బదులు పండ్రెండు ఉండును. లెక్కవేసి చూడుడు: పదునెనిమిది వేలకు బదులు ఇరువదియేడు వేల ఆరు వందలు! చేతిసొమ్ము, పాత ఫ్రిజ్జు దీనికి వెలి. క్రొత్త అప్పు తీసికొనుమని బలవంతపెట్టు హక్కు ఎవరికిని లేదు. అది క్రొత్త ఒప్పందము. క్రొత్త ముఖ్యాంశముల పత్రము ఈయవలెను. కాదనుటకు మీకు పూర్తి స్వేచ్ఛ కలదు. "జీరో వడ్డీ" అనినను నమ్మనవసరము లేదు. సున్న శాతము వడ్డీ అనునది అసలు లేనేలేదని రిజర్వు బ్యాంకే 2013 సెప్టెంబరులో బ్యాంకులకు వ్రాసినది. వడ్డీ ధరలోనో, రుసుములోనో దాగియుండును.

సరకును తిరిగి ఇచ్చుటకు నిశ్చయించుకొన్నవారు ఒక విషయమును మరువకూడదు. సరకు పోవును గాని అప్పు ఒక్కొక్కచో పోదు! దుకాణపు మనిషి రద్దయినదని చెప్పును. కంపెనీ లెక్కలలో అది బ్రతికియే ఉండును. మరుసటి నెల ఐదవ తేదీన ఖాతా నుండి రెండు వేలు కోయబడును. ఖాతాలో సొమ్ము లేనిచో బ్యాంకు జరిమానా వేయును, సిబిల్ లెక్కలో చెడ్డపేరు పడును, రేపు ఇంటికో, పిల్ల చదువుకో అప్పు కావలసినపుడు త్రోవ మూసికొనును. కావున సరకు ఇచ్చునపుడు వస్తువు పేరు, సంఖ్య, తేదీ, తిరిగి ఇచ్చిన సొమ్ము వ్రాసిన రసీదు దుకాణము నుండి తీసికొనవలెను. కంపెనీ నుండి అప్పు రద్దయినదను పత్రము వేరుగా తీసికొనవలెను. బ్యాంకునకు పోయి మ్యాండేటును రద్దు చేయింపవలెను. సంవత్సరమునకు ఒకమారు ఋణచరిత్ర నివేదికను ఉచితముగా పొందవచ్చును. దానిలో ఆ అప్పు ఇంకను కనబడుచున్నచో సరిచేయుమని వ్రాయవలెను. 30 దినములలో సరిచేయనిచో ఆపై దినమునకు 100 రూపాయల చొప్పున పరిహారము ఈయవలెనని రిజర్వు బ్యాంకు 2023 అక్టోబరులో ఉత్తరువు చేసినది.

మాటలతో తెగనిచో ఎచటికి పోవలెను? ముందుగా 1915 సంఖ్యకు ఫోను చేయవచ్చును. అది జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రము, తెలుగులో మాట్లాడవచ్చును. అనేక దుకాణములు ఆ కేంద్రము నుండి కబురు వచ్చినంతనే దారికి వచ్చును.

రానిచో సంగారెడ్డిలోని జిల్లా వినియోగదారుల కమిషను కలదు. 2019 సంవత్సరపు వినియోగదారుల సంరక్షణ చట్టము 2020 జూలై 20 నుండి అమలులోనికి వచ్చినది. సొమ్మంతయు చెల్లించినవాడే వినియోగదారుడని కొందరు దుకాణదారులు వాదింతురు. అది సరికాదు. కొంత చెల్లించి కొంత చెల్లించెదనన్నవాడును, వాయిదాల పద్ధతిపై కొన్నవాడును వినియోగదారుడే అని చట్టము విస్పష్టముగా చెప్పుచున్నది. అప్పు ఇచ్చుట కూడ ఆ చట్టము క్రింద సేవయే. కావున దుకాణమును, కంపెనీని ఇరువురిని ఒకే ఫిర్యాదులో చేర్చవచ్చును. అమ్మకము జరిగిన ఊరిలోనే వేయవలెనన్న నిర్బంధము లేదు. మీరు నివసించు జిల్లాలోనే వేయవచ్చును. అనగా దుకాణము హైదరాబాదులో ఉన్నను, దాని పెద్ద కార్యాలయము ముంబయిలో ఉన్నను, వెలిమెల వాసి సంగారెడ్డిలో అడుగవచ్చును. ఐదు లక్షల రూపాయల వరకు గల కొనుగోళ్లకు రుసుము లేదు. వకీలు లేకయే వాదించుకొనవచ్చును. రెండు సంవత్సరములలోపు వేయవలెను. విచారణ ముగియువరకు వస్తువును తీసికొనిపోకుండ మధ్యంతర ఉత్తరువు కూడ కోరవచ్చును. చాలమంది దీనిని అడుగుట మరచెదరు. ఎదుటి పక్షమునకు నోటీసు ముట్టిన మూడు నెలలలో తేల్చవలెనని చట్టములో ఉన్నది. ఆచరణలో ఆలస్యమగుచున్నదను మాటయు వాస్తవమే.

దుకాణపు ఫారములోని షరతే అన్యాయమైనదని చెప్పదలచినచో మాత్రము త్రోవ వేరు. తగిన కారణము లేక ఒక పక్షము తనంతట తాను ఒప్పందమును త్రెంచుకొనుటకు వీలు కల్పించు షరతు అన్యాయపు ఒప్పందమని 2019 చట్టము నిర్వచించినది. "ఏ కారణము చెప్పకయే మేము ఎపుడైనను రద్దు చేయుదుము" అను వాక్యము ఇట్టిదియే. దానిని చెల్లదని ప్రకటించు అధికారము జిల్లా కమిషనుకు గాక హైదరాబాదులోని రాష్ట్ర కమిషనుకు ఇచ్చిరి. పేదవానికి దగ్గరలో ఉన్న కమిషనుకే ఈ అధికారమును ఇచ్చియుండినచో బాగుండెడిది.

అప్పు కంపెనీపై మరియొక మార్గము కలదు. ముందు కంపెనీకే వ్రాతపూర్వకముగా ఫిర్యాదు చేసి, 30 దినములలో జవాబు రానిచో గాని, వచ్చిన జవాబు తృప్తికరము కానిచో గాని రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వ్రాయవచ్చును. దీనికి ఖర్చు లేదు. 14448కు ఫోను చేసినచో పద్ధతి చెప్పుదురు. కాని ఇది బ్యాంకులకు, ఆ పథకము పరిధిలోని ఫైనాన్సు కంపెనీలకు మాత్రమే. దుకాణముపై అచట అడుగ వీలులేదు.

ఈ సభలో కర్మాగార కార్మికులు, స్త్రీలు అనేకులున్నారు గనుక ఇంకొక మాట. 1987 సంవత్సరపు న్యాయసేవల చట్టము ఉచిత న్యాయసహాయమునకు అర్హులను పేర్కొన్నది. స్త్రీలు, షెడ్యూల్డు కులములు, తెగలవారు, పారిశ్రామిక కార్మికులు ఆ వరుసలో ఉన్నారు. వీరు ఆదాయముతో నిమిత్తము లేకయే అడుగవచ్చును. సంగారెడ్డి న్యాయస్థానముల ఆవరణలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పోయినచో ఫిర్యాదు వ్రాసిపెట్టు వకీలును వారే ఏర్పాటు చేయుదురు. 15100కు ఫోను చేసినను సరిపోవును. పోవునపుడు బిల్లు, చేతిసొమ్ము రసీదు, ఎక్స్ఛేంజి చీటీ, అప్రూవల్ సందేశము, ముఖ్యాంశముల పత్రము, దుకాణము నుండి వచ్చిన వాట్సాపు మాటలు తీసిన కాగితములు వెంట తీసికొని పోవలెను. ఎక్స్ఛేంజి చీటీని చాలమంది పారవేయుదురు. పాత వస్తువు విలువ ఋజువు చేయుటకు అది తప్ప వేరు కాగితము సాధారణముగా ఉండదు.